రెక్కలకు ఎనిమిది, చేతులకు ఆరు, ఆటకు సున్నా

జెట్ విమానంగా మారే రోబో బొమ్మకు ఏ బొమ్మకూ దక్కని గౌరవం దక్కింది. దాంతో ఎవరూ ఆడుకోరు. దాన్ని మూల్యాంకనం చేస్తారు.

పెట్టె మీద ‘8 ఏళ్లు, ఆ పైన’ అని అచ్చేస్తారు. ఆ ‘ఆ పైన’ కింద ఎన్ని బట్టతలలు దాక్కున్నాయో కంపెనీకి తెలుసు, కొనేవాడికి తెలుసు, పార్శిల్ అందుకుని సంతకం పెట్టే ఇల్లాలికి ఇంకా బాగా తెలుసు. “పిల్లాడికేగా” అంటాడాయన. పిల్లాడు పడుకున్నాకే పెట్టె తెరుస్తాడు. డైనింగ్ టేబుల్ మీద తెల్ల చార్టు పరుస్తాడు. అటో లైటు, ఇటో లైటు, మధ్యలో స్టాండుకు ఫోను. సబ్బుతో చేతులు కడుక్కుని, గొంతు సవరించుకుని, ఎవరూ అడగని ప్రశ్నకు జవాబు మొదలుపెడతాడు: “ముందుగా ప్లాస్టిక్ క్వాలిటీ చూద్దాం.”

మోచెయ్యి తొంభై డిగ్రీలే వంగుతోంది. ఒక మార్కు కోత. నడుము తిరగడం లేదు. ఇంకో మార్కు. ఈ మాట అంటున్న పెద్దమనిషి నడుము కింద పడ్డ క్షిపణిని తీయడానికి కూడా వంగదు, ఆ పనికి పనిమనిషి రావాలి. చీలమండ పక్కకు ఒరగాలట, లేకపోతే ‘పోజు’ కుదరదట. పిడికిలికీ తుపాకీ పిడికీ మధ్య వెంట్రుకవాసి సందుందని ముఖం చిట్లిస్తాడు. రెక్క మీది ఎర్రచార కాస్త పక్కకు జరిగిందని కెమెరాకు దగ్గరగా పెట్టి, మన కళ్లలో పొడిచినంత పని చేస్తాడు. ఆఖరికి తీర్పు: పదికి ఏడున్నర. ఇంటర్ స్పాట్ వాల్యుయేషన్‌లో ఒక పిల్లవాడి రెండేళ్ల చదువు తేల్చడానికి ఇంతసేపు పట్టదు.

ఇరవై నిమిషాల ఈ తంతులో ఆ విమానం ఒక్కసారి కూడా గాల్లోకి లేవదు. నోటితో ‘జుయ్యి’మనే శబ్దం ఒక్కసారి కూడా రాదు. ఆ శబ్దానికి మార్కుల పట్టికలో గడి లేదు.

ఈ జబ్బు వాళ్లకై వాళ్లు తెచ్చుకున్నది కాదు లెండి. 1984లో కంపెనీ పెట్టెతో పాటే అంటించింది. ఆ ఏడాది అమెరికాలో హాస్బ్రో ‘ట్రాన్స్‌ఫార్మర్స్’ అని అమ్మకానికి పెట్టిన బొమ్మలు అక్కడ పుట్టినవి కావు. జపాన్‌లో టకారా కంపెనీ ‘డయాక్లోన్’, ‘మైక్రో చేంజ్’ పేర్లతో అప్పటికే అమ్ముతున్న సరుకు. డయాక్లోన్‌లో ఎఫ్-15 జెట్ ఒకటుంది. దాని కాక్‌పిట్ మూత పైకి లేస్తుంది, లోపల చిటికెన వేలంత కూడా లేని పైలట్ కూర్చుంటాడు. సరుకు అమెరికా చేరేసరికి పైలట్‌ని దింపేశారు. విమానానికే ప్రాణం ఉంది, దానికే బుద్ధి ఉంది, దానికే కుట్రలున్నాయి అని కథ అల్లించారు. అల్లే పని మార్వెల్ కామిక్స్‌కి అప్పగిస్తే, అక్కడి సంపాదకుడు బాబ్ బుడియాన్‌స్కీ చాలా పాత్రలకు పేర్లూ స్వభావాలూ రాసిపెట్టాడు. ఎఫ్-15 పేరు స్టార్‌స్క్రీమ్ అయింది. నాయకుణ్ణి కూలదోసి ఆ కుర్చీలో తాను కూర్చోవాలని అనుక్షణం తపించిపోయే నెంబర్ టూ. మన అసెంబ్లీలు చూసి పెరిగినవాళ్లకు ఈ పాత్ర అర్థం కావడానికి కార్టూన్ అక్కర్లేదు.

పైలట్‌ని దింపారు గానీ మూత తీసెయ్యలేదు. అచ్చు మార్చాలంటే డబ్బవుతుంది. కాబట్టి ఖాళీ సీటు అలాగే ఉండిపోయింది. తనంత తానే ఎగిరి, తనంత తానే వెన్నుపోటు పొడిచే మహాయంత్రానికి డ్రైవరు సీటు దేనికని మన పరీక్షాధికారుల్లో ఒక్కడూ అడగడు. “కాక్‌పిట్ ఓపెన్ అవుతోంది, సూపర్!” అని ఒక మార్కు కలుపుతాడు.

అసలు సంగతి పెట్టె వెనక ఉంది. బలం, తెలివి, వేగం, ఓర్పు, హోదా, ధైర్యం, కాల్పుల శక్తి, నైపుణ్యం. ఎనిమిది సబ్జెక్టులు, ఒక్కోదానికి పది మార్కులు. ఆ గ్రాఫు ఉత్త కంటికి ఆనకుండా ఎర్రటి గజిబిజిలో దాచి, చదవడానికి ఓ ఎర్ర ప్లాస్టిక్ ముక్క ఇచ్చారు. ఎనిమిదేళ్ల కుర్రాడు ఆ ముక్కను కంటికి అడ్డం పెట్టుకుని, బొమ్మను ముట్టుకోవడానికి ముందే దాని ప్రోగ్రెస్ రిపోర్టు చదివాడు. పగలంతా బళ్లో తనకు పడ్డ మార్కుల కసి సాయంత్రం బొమ్మ మీద తీర్చుకునే వీలు దొరికింది. ఆ కుర్రాడే ఇవాళ డైనింగ్ టేబుల్ మీద చార్టు పరుస్తున్నాడు. ఎర్ర ముక్క పోయింది. ఎర్ర చూపు పోలేదు.

కథ ఎవరికోసం అల్లారో కూడా ఓసారి చూడాలి. రీగన్ హయాంలో అమెరికా ప్రసారాల నియంత్రణ సంస్థకు అధ్యక్షుడైన మార్క్ ఫౌలర్ టీవీని రొట్టెలు కాల్చే టోస్టర్‌తో జమకట్టిన మహానుభావుడు. నియంత్రణ సడలింది. బొమ్మ కోసమే కార్టూన్ తీసి, అరగంట ప్రకటనకే కార్యక్రమమని పేరు పెట్టుకోవచ్చని కంపెనీలకు తెలిసింది. సెప్టెంబర్ 1984లో ట్రాన్స్‌ఫార్మర్స్ టీవీకెక్కింది. రెండేళ్లు తిరిగేసరికి పాత బొమ్మలు పాతబడ్డాయి, కొత్తవి అమ్మాలి. 1986లో సినిమా తీసి, పిల్లలు ప్రాణంగా చూసుకునే నాయకుడు ఆప్టిమస్ ప్రైమ్‌ని తెర మీద చంపేశారు. హాళ్లలో పిల్లలు వెక్కి వెక్కి ఏడ్చారు. మన స్టార్‌స్క్రీమ్‌కి ఎట్టకేలకు కిరీటం పెట్టారు, పట్టాభిషేకం జరుగుతుండగానే బూడిద చేశారు. చంపింది విలన్ అని పిల్లలు అనుకున్నారు. చంపింది ఆ ఏటి కేటలాగు.

సరే, బొమ్మ దగ్గరికి వద్దాం. చేతిలోకి తీసుకుని పైనుంచి చూడండి. ముక్కు, గాజుమూత, రెండు రెక్కలు, రెండు నిలువు తోకలు, వెనక రెండు గొట్టాలు. ఎఫ్-15 అంటే ఎఫ్-15లానే ఉంది. ఇప్పుడు తిరగేయండి. పొట్ట కింద రెండు చేతులు ఒంటికి ఆనించుకుని ఓ మనిషి బోర్లా పడుకుని ఉంటాడు. టికెట్ లేకుండా రైలెక్కి సీటు కింద దూరినవాడి భంగిమ. అసలు ఎఫ్-15 పొట్ట బల్లపరుపుగా ఉంటుంది. బొమ్మ పొట్ట మాత్రం నెలలు నిండిన పొట్ట. పైన పటారం, లోన లొటారం అని మన పెద్దలు జెట్ యుగానికి ముందే చెప్పిపెట్టారు.

ఇది డిజైనర్ చేతగానితనం కాదు, వస్తువు స్వభావం. లారీ రోబోగా మారడం తేలిక. లారీ అంటే పెట్టె, పెట్టెలో మనిషిని మడిచి దాచొచ్చు. జెట్ అంటే కత్తి. కత్తిలో మనిషిని ఎక్కడ దాస్తావు? అందుకే ఈ విద్యలో నెగ్గిన జెట్లన్నీ దాదాపు ఒకే జాతివి: రెండింజన్లవి. రెండు ఇంజన్లంటే రెండు కాళ్లు. ఎఫ్-15కి వెనక రెండు గొట్టాలుండబట్టే స్టార్‌స్క్రీమ్ నిలబడగలిగాడు. జపాన్ టీవీ కార్టూన్ ‘మాక్రాస్’ కోసం షోజీ కవామోరి ఎఫ్-14 పోలికతో గీసిన విమానం కూడా అలాగే నిలబడింది. మన తేజస్‌కి ఉన్నది ఒకే ఇంజను. దాన్ని రోబోగా మార్చమంటే తోకను నిలువునా చీల్చాలి, లేదంటే ఒంటికాలి తపస్సు చేయించాలి. ఈ ఇంజనీరింగ్ ముడి బొమ్మలో అన్నిటికన్నా తమాషా అయిన సంగతి. దాని గురించి మాట్లాడే పరీక్షాధికారి వందకొకడు దొరికితే గొప్ప. మిగతా తొంభై తొమ్మిది మందీ ఎర్రచార దగ్గర ఆగిపోయారు.

వీళ్లకో పరిభాష ఉంది. రోబో అయ్యాక భుజాల మీద, వీపు మీద, మోకాళ్ల దగ్గర వేలాడే విమానం ముక్కలు ‘కిబుల్’. రోబోకి చొక్కా తొడిగినట్టు పైన విమానం డొప్ప కప్పితే ‘షెల్‌ఫార్మర్’. ఏదైనా ముక్క ఊడదీసి మళ్లీ తగిలించాల్సి వస్తే ‘పార్ట్స్‌ఫార్మర్’. ఆ చివరి మాట వాళ్ల నోట తిట్టు. 2020ల్లో వచ్చిన కొత్త బొమ్మలో తుపాకీ ఊడదీయాల్సి వస్తే చాలు, కంపెనీ ఏడు తరాలనూ ఏకుతారు. 1984 స్టార్‌స్క్రీమ్‌కి పిడికిళ్లు ఊడతాయి, రెక్కలు ఊడతాయి, తోకలు ఊడతాయి, క్షిపణి గొట్టాలు ఊడతాయి. విమానం చెయ్యాలంటే అరచేతులు రెండూ తీసి జేబులో వేసుకోవాలి. దానికి మాత్రం ‘క్లాసిక్’ అని దండం. అదే లోపం నాన్న కొనిపెడితే జ్ఞాపకం, తాను కొనుక్కుంటే మోసం.

సరుకు ఒకటే, రంగు వేరు అనే విద్యలో ఈ బొమ్మకు సాటి లేదు. స్టార్‌స్క్రీమ్ బూడిద రంగు. అదే అచ్చులో నీలం ప్లాస్టిక్ పోస్తే థండర్‌క్రాకర్. నలుపు, ఊదా పోస్తే స్కైవార్ప్. 1985లో రెక్కలు కాస్త మార్చి ఇంకో ముగ్గుర్ని దింపారు: రామ్‌జెట్, థ్రస్ట్, డర్జ్. ఒక్క అచ్చు, ఆరు పేర్లు, ఆరు స్వభావాలు, ఆరు బిల్లులు. మన దగ్గర ఒకే సిలబస్‌కి ఏడు గైడ్లు వేసే ప్రచురణకర్తలకు కూడా ఈ ధైర్యం లేదు, వాళ్లు కనీసం అట్ట మీద బొమ్మ మారుస్తారు. కొనేవాడికి ఇది తెలీదా? తెలుసు. ఆరూ కొంటాడు. “ఒకటుంటే మిగతావి లేని లోటు కనిపిస్తుంది” అని ఓ సేకర్త నాతో చెప్పాడు. లోటు మొదటి బొమ్మతో పాటు ఉచితం.

మాస్టర్‌పీస్ గొడవ ఇంకోటుంది. ‘మాస్టర్‌పీస్’ అనే ఖరీదైన వరసలో మొదట స్టార్‌స్క్రీమ్‌ని తీర్చిదిద్దినప్పుడు కవామోరినే పిలిచారు. అసలు విమానానికి దగ్గరగా వచ్చింది. విమానం మరీ బాగుంది, రోబో నడుము దగ్గర ముక్కలు వేలాడుతున్నాయి అన్నారు మన న్యాయమూర్తులు. కార్టూన్ రంగులకు దగ్గరగా మళ్లీ చేశారు. ఇంకా కార్టూన్‌లా లేదన్నారు. కొత్త అచ్చుతో మూడోది చేశారు. ఇరవై ఏళ్లు తిరక్కుండా ఒకే పాత్రకు మూడు కళాఖండాలు! జపాన్ వాళ్లు కనీసం నిజాయతీపరులు, ఆ పెట్టెల మీద ‘15 ఏళ్లు, ఆ పైన’ అని వేసి పిల్లల్ని లెక్కలోంచి మర్యాదగా తీసేశారు.

ఇంకో తెల్ల జెట్ ఉంది, దాని కథ ఇంకా ముచ్చట. 1982లో జపాన్ టీవీలో వచ్చిన మాక్రాస్ విమానాన్ని టకాటోకు అనే కంపెనీ బొమ్మగా చేసింది. ఆ కంపెనీ దివాలా తీసింది, అచ్చులు బాండాయ్ చేతికి వెళ్లాయి. హాస్బ్రో అదే బొమ్మను తీసుకుని 1985లో ‘జెట్‌ఫైర్’ అని అమ్మింది. మొదట్లో వచ్చిన వాటి రెక్క మీద మాక్రాస్ గుర్తు కూడా చెరపలేదు. హక్కుల తలనొప్పి రావడంతో కార్టూన్లో అతనికి పేరు మార్చి స్కైఫైర్ అన్నారు, ముఖం మార్చారు, ఒళ్లు మార్చారు. పిల్లవాడి చేతిలో ఒకడు, టీవీలో ఇంకొకడు. ఇద్దరూ ఒకడేనని నమ్మమన్నారు, పిల్లలు నమ్మారు. పిల్లలకు ఆ శక్తి ఉంది.

ఆ జెట్‌ఫైర్ తెల్ల ప్లాస్టిక్ ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కుతుంది. మనుషులకు ఆ హక్కుంది, బొమ్మకు లేదు. నలభై ఏళ్లు దాటిన పెద్దలు దాన్ని ముక్కలు ముక్కలుగా విప్పి, జుట్టుకు రంగు తీసే హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి, డాబా మీద వడియాలు ఎండబెట్టినట్టు ఎండలో పెట్టి, కాకి వాలకుండా కాపలా కాస్తారు. ఎండిన బొమ్మ మళ్లీ తెల్లబడుతుంది. కాపలా కాసినాయన నల్లబడతాడు. కొన్నాళ్లకు బొమ్మ మళ్లీ పసుపెక్కుతుందనుకోండి, అది వేరే సంగతి. దాన్ని అమ్మకానికి పెట్టేటప్పుడు ‘స్వల్పంగా పసుపు ఛాయ’ అంటారు. పెళ్లి సంబంధాల్లో ‘చామనఛాయ’ అనే మాటను కూడా ఇంత జాగ్రత్తగా వాడరు.

ఇంతకీ ఇది మనిషా, విమానమా, బొమ్మా? నవ్వకండి, ఇలాంటి ప్రశ్న అమెరికాలో కోర్టుకెక్కింది. అక్కడి అప్పటి సుంకాల చట్టంలో మనిషి రూపం ఉంటే ‘డాల్’, 12 శాతం పన్ను. మనిషి కాని దేనినైనా పోలితే ‘టాయ్’, 6.8 శాతం. ఎక్స్‌మెన్ బొమ్మలు దిగుమతి చేసుకున్న టాయ్ బిజ్ కంపెనీ, మా వీరులు మనుషులు కారు మహాప్రభో అని వాదించి, 2003లో గెలిచింది. మమ్మల్నీ మనుషుల్లా చూడండని కథంతా మొత్తుకున్న పాత్రలను, వాళ్ల అన్నం తిన్న కంపెనీయే కోర్టులో నిలబెట్టి మనుషులు కారని నిరూపించింది. న్యాయమూర్తి ముందు డజన్ల కొద్దీ బొమ్మలు వరసగా నిలబడ్డాయి. ఒక్కో బొమ్మనూ తిప్పి చూసి తీర్పు రాసిన ఆ పని కూడా మూల్యాంకనమే. కాకపోతే అక్కడ తేలింది పన్ను. ఇక్కడ తేలేది చీలమండ.

మూల్యాంకనం చేసే వాళ్లలో ఇంకో తెగ ఉంది, వాళ్లకు బొమ్మ ఊరికే వస్తుంది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతైనా ఒకటే కదా. వాళ్ల భాష మెత్తన. జాయింటు వదులుగా ఉంటే ‘స్మూత్’. గట్టిగా బిగుసుకుంటే ‘టైట్ టాలరెన్స్’. రంగు వేయకుండా వదిలేస్తే ‘క్లీన్ లుక్’. పొట్ట కింద మనిషి కనపడితే ‘హేవీ ఇంజనీరింగ్’. రెక్క విరిగి చేతిలోకొస్తే, అది నా యూనిట్‌లో మాత్రమే అంటారు. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టకూడదనే సంస్కారం ఈ రోజుల్లో వీళ్ల దగ్గరే మిగిలింది.

మధ్యలో హాస్బ్రోకి భూమాత మీద ప్రేమ పుట్టుకొచ్చింది. కొత్త బొమ్మల ప్యాకింగులో 2022 చివరికల్లా ప్లాస్టిక్ దాదాపు లేకుండా చేస్తామని 2019లో ప్రకటించింది. పెట్టె ముందుండే పల్చటి ప్లాస్టిక్ కిటికీ తీసేశారు. లోపల బొమ్మ మాత్రం తల నుంచి తోక దాకా ప్లాస్టిక్కే. భూమి ఎంత ఊపిరి పీల్చుకుందో గానీ, చేతివాటం ఉన్నవాళ్లు బాగా పీల్చుకున్నారు. తెరిచి ఉన్న పెట్టెలో చెయ్యి పెట్టి తుపాకీ లాగేసేవాడొకడు, కొత్త జెట్టు తీసి అరిగిన జెట్టు పెట్టి దుకాణానికే వాపసిచ్చి డబ్బు తీసుకునేవాడొకడు. సంతలో సరుకులా చేతులు పెట్టి కెలికిన పెట్టెను ఎలా కొంటామని సేకర్తలు గోల పెట్టారు. 2023లో కిటికీలు తిరిగొస్తాయన్నారు. భూమాత మళ్లీ క్యూలో నిలబడింది.

ధర సంగతి ఒక్క మాట. అరచేతికి కాస్త మించే ‘వాయేజర్’ సైజు జెట్ 2007లో సినిమా వచ్చినప్పుడు అమెరికాలో 20 డాలర్ల చుట్టుపక్కల ఉండేది. ఆ తర్వాత 35 చుట్టుపక్కలకు చేరింది. మన దగ్గరికి రావాలంటే ఇంకా కథ ఉంది. 2020లో కేంద్రం బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 20 శాతం నుంచి 60కి పెంచింది. 2023లో 70 చేసింది. 2021 జనవరి నుంచి ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. కాబట్టి హైదరాబాద్ సేకర్త సరుకు కోసం డల్లాస్ బావగారి సూట్‌కేసు వైపు చూస్తాడు. ఆ సూట్‌కేసు నుంచి బాదంపప్పు, పెర్ఫ్యూమ్, చాక్లెట్ల మధ్య బట్టల్లో చుట్టుకుని స్టార్‌స్క్రీమ్ దిగుతాడు. పెట్టె చదును చేసి వేరే తెస్తారు, పెట్టె నలిగితే బంధుత్వం నలుగుతుంది.

తమాషా ఏమిటంటే, శంషాబాద్ విమానాశ్రయం నుంచి ఇంటికెళ్లే లోపు ఔటర్ మీద ఆదిభట్ల వస్తుంది. అక్కడ సీ-130జే సైనిక విమానాల తోకలు తయారవుతాయి, అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారవుతాయి. నిజంగా యుద్ధానికెళ్లే యంత్రాల ఒంటి భాగాలు మన ఊళ్లో బిగించి అమెరికాకు పంపుతాం. చేతిలో పట్టే జెట్టు వియత్నాంలో తయారై, అమెరికా చుట్టి, బావగారి బనీన్ల మధ్య మనకొస్తుంది. తోక చెయ్యగలిగినవాడు బొమ్మ తోక ఎందుకు చెయ్యలేడని అడిగితే, మన బొమ్మల పరిశ్రమ గురించి గంట ఉపన్యాసం వినాల్సి వస్తుంది. నేను అడగను.

మా బంధువుల్లో ఒకాయన ఇంట్లో అద్దాల బీరువా ఉంది. అందులో పై అరలో జెట్లు, వాటికింద లైట్లు, తాళం ఆయన మెడలో. పోయిన సెలవుల్లో మేనల్లుడు వచ్చాడు, యూకేజీ చదివే గడుగ్గాయి. ఆయన ఒక జెట్టు తీసి మూల్యాంకనానికి సిద్ధం చేస్తూ ఫోను మాట్లాడ్డానికి బాల్కనీలోకి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి వాడు దాని కాళ్లు రెండూ కిందికి లాగి, చేతులు బయటికి తీసి, ముక్కూ రెక్కలూ మాత్రం విమానంలాగే వదిలేసి, సోఫా చెయ్యి మీద దించుతున్నాడు. నోట్లోంచి ఆ శబ్దం వస్తోంది, ఎంగిలి తుంపర్లతో సహా.

“ఒరేయ్ ఒరేయ్, అలా కాదురా! అది సగంలో ఉంది. అయితే విమానం, లేకపోతే రోబో. మధ్యలో ఉండకూడదు.”

“దిగుతోంది మావయ్యా. కాళ్లున్నాయిగా, కాళ్లతో దిగుతోంది.”

“విమానాలు చక్రాల మీద దిగుతాయిరా.”

“చక్రాలు లేవుగా దీనికి. కాళ్లే ఉన్నాయి.”

సగం విమానం, సగం మనిషి. ముక్కు ముందుకు, కాళ్లు కిందికి. సరిగ్గా ఆ రూపాన్నే 1982 మాక్రాస్‌లో కవామోరి గీశాడు, ‘గర్వాక్’ అని దానికో పేరుంది. నేల మీద పరిగెత్తడానికి, నిలువుగా దిగడానికి. అదే బీరువాలో రెండో అరలో, అదే భంగిమలో, ఈ జెట్టుకి నాలుగింతల ధర పెట్టి కొన్న మాక్రాస్ బొమ్మ లైటు కింద నిలబడి ఉంది. దానికి మావయ్య ‘ఐకానిక్ డిజైన్’ అని పదికి తొమ్మిదిన్నర వేసి ఉన్నాడు. వీడికి సున్నా వేసి, చేతిలోంచి బొమ్మ లాక్కుని, మెత్తటి గుడ్డతో తుంపర్లు తుడిచి, పుస్తకం తెరిచి ముప్పై చిల్లర మెట్లు వరసగా తిప్పి, పూర్తి రోబో చేసి నిలబెట్టాడు. కుడి మోకాలు కాస్త వదులైంది. మావయ్య ముఖం మాడిపోయింది.

“దాని క్షిపణి పేలదా మావయ్యా?”

పేలదు నాన్నా. 1979లో మాటెల్ కంపెనీ తన గెలాక్టికా అంతరిక్ష నౌకల్ని వెనక్కి తెప్పించింది, వాటి క్షిపణి గొంతులో ఇరుక్కుని ఓ చిన్నపిల్లవాడు పోయాక. ఆ తర్వాత వచ్చిన ట్రాన్స్‌ఫార్మర్స్‌కి అమెరికాలో స్ప్రింగుల బలం తీసేశారు. ఈ మొత్తం వ్యవహారంలో పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని చేసిన మార్పు అదొక్కటే కనిపిస్తుంది నాకు. మావయ్య దానికి కూడా మార్కు కోసేశాడు: ‘ఫైరింగ్ వీక్.’

ఆ రాత్రే వీడియో బయటికొచ్చింది. రెక్కలకు ఎనిమిది, చేతులకు ఆరు, కాక్‌పిట్‌కి బోనస్. మన్నిక దగ్గర ఆగి, కుడి మోకాలు ఆడించి చూపించి, బరువుగా నిట్టూర్చి చెప్పాడు: “పిల్లలకు అందనంత ఎత్తులో పెడితే పదికి పది. ఇదే అచ్చు నలుపులో స్కైవార్ప్‌గా వస్తోంది ఫ్రెండ్స్, నేను ఆల్రెడీ రెండు బుక్ చేశాను. ఒకటి తెరవడానికి, ఒకటి తెరవకుండా ఉంచడానికి.”